స్వెటరు అల్లడం అయిపోయిందా? మెడ మూసే ముందు ఇది చదవండి

జయపురంలో మేం ఊలు కొనే కొట్లో ఒక అలవాటుంది. దసరా దాటి కోరాపుట్ కొండల మీద చలి మొదలయ్యాక ఊలు పట్టుకెళ్లిన ఆడవాళ్లంతా, అల్లడం అవగానే స్వెటరు తెచ్చి కౌంటరు మీద పరుస్తారు. సునాబెడ, సెమిలిగుడ నుంచి కూడా వస్తారు. సగం తెలుగు, సగం ఒడియాలో మాట్లాడుకుంటూ అందరం తిరగేసి చూస్తాం. డిజైన్లు ఎంత బాగుంటాయో! తీరా పిల్లాడికి తొడగబోతే చెవుల దగ్గర ఆగిపోతుంది. "పిన్నీ, తల దూరట్లేదు" అని ఏటా కనీసం ముగ్గురు నా దగ్గరికి వస్తారు. నెల రోజుల కష్టం ఒక్క చివరి వరసతో పాడవడం చూడలేక రాస్తున్నా.

కావలసినవి: అల్లిన ముక్కలు, 12 నంబరు సూదులు నాలుగు, మొన మొద్దుగా ఉన్న లావు కుట్టుసూది, టేపు, కత్తెర, వేరే రంగు నూలుదారం కొంచెం.

ముందు రెండు భుజాలూ అదే ఊలుతో కలిపేయండి. పక్కలు, చేతులు ఇప్పుడే కుట్టకండి. మెడ అయ్యాకే అవి. బట్ట పలచగా ఒళ్లో పరుచుకుంటుంది, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. అన్నీ కుట్టేసి మెడ మొదలుపెట్టేవాళ్లున్నారు గానీ, బరువుకి అంచు సాగిపోతుంది.

ఇప్పుడు మెడ చుట్టూ కుట్లు ఎత్తండి, అంటే అంచులోంచి ఊలు లాగి సూది మీద కొత్త కుట్లు వేసుకోండి. అడ్డంగా మూసిన చోట కుట్టుకి కుట్టు, పక్క అంచుల్లో నాలుగు వరసలకి మూడు కుట్లు. అల్లికలో కుట్టు ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ, అందుకే ఈ లెక్క. సరిసంఖ్య వచ్చేలా చూసుకుని ఒక సీదా (ముందువైపు కుట్టు), ఒక ఉల్టా (వెనకవైపు కుట్టు) చొప్పున ఏడెనిమిది వరసలు అల్లండి, ఇదే మెడ పట్టీ. ఇంతవరకూ ఎవరూ తప్పు చేయరు.

అసలు కష్టం కుట్లు మూయడంలో, అంటే చివరి వరస కుట్లు ఊడిపోకుండా సూది మీంచి దించి ముగించడంలో ఉంది.

రెండేళ్ల పిల్లాడి తల చుట్టుకొలత సుమారు 48 సెంటీమీటర్లు. మెడ అందులో సగమే. అంటే పట్టీ మెడకి అంటుకుని ఉండాలి, తొడిగేటప్పుడు దానికి రెండింతలు సాగాలి. సీదా ఉల్టా పట్టీ ఆ మాత్రం సాగుతుంది. సాగనిది చివరి వరస. మామూలుగా ఒక కుట్టు మీంచి ఇంకోటి దాటిస్తూ మూస్తే అంచున గొలుసు పడుతుంది, ఆ గొలుసులో ఎంత ఊలు ఇచ్చారో అంతే, ఆపైన సాగమన్నా సాగదు. కిందంతా రబ్బరులా ఉండి పైన తాడు కట్టినట్టు అవుతుంది. మా తమ్ముడి కొడుక్కి నేను అల్లిన మొదటి స్వెటరు ఇలాగే బిగుసుకుపోయింది, వాడు ఏడుస్తుంటే మెడ కత్తిరించి తీయాల్సొచ్చింది.

లావు సూదితో వదులుగా మూయమని చాలామంది చెబుతారు. మూయొచ్చు, కానీ అంచు కుచ్చులా లేచిపోతుంది. నేను మాత్రం అల్లిక మీద పుస్తకాలు రాసిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ (1910–1999) చెప్పిన పద్ధతి, అంటే కుట్టుసూదితో కుట్టి మూయడం తప్ప ఇంకోటి వాడను, మీరూ వాడకండి.

మూసే ముందు కుట్లన్నిట్లోంచీ వేరే రంగు నూలుదారం దూర్చి వదిలేయండి. ఇది మానేస్తే తర్వాత ఏడుస్తారు, ఎందుకంటే ఈ పద్ధతిలో మూసింది విప్పడం చాలా కష్టం, దారం ఉంటే కుట్లు జారిపోవు. తర్వాత మెడని బాగా సాగదీసి కొలిచి, దానికి మూడింతలు ఊలు వదిలి కత్తిరించి కుట్టుసూదిలో ఎక్కించండి. మొదటి రెండు కుట్లలోంచి కుడి నుంచి ఎడమకి సూది దూర్చి లాగండి. కుట్లు దించకండి. ఇప్పుడు మొదటి కుట్టు ఒక్కదాన్లోంచే ఎడమ నుంచి కుడికి దూర్చి లాగి, ఆ ఒక్కటే దించండి. మళ్లీ రెండింట్లోంచి, మళ్లీ ఒకదాన్లోంచి. చివరిదాకా ఇంతే.

లాగడంలోనే ఉంది అంతా. ఊలు కుట్టుకి ఆనగానే చెయ్యి ఆపేయాలి, పూలు కట్టేటప్పుడు బిగించినట్టు బిగించకూడదు. పది కుట్లకోసారి రెండు బొటనవేళ్లతో అంచు సాగదీసి చూడండి. పట్టీ సాగినంతా అంచూ సాగుతోందా? లేకపోతే ఊలు బిగుసుకుందన్నమాట, అక్కడే సర్దండి. టీవీ చూస్తూ, టెన్షన్‌లో ఉండి ఈ పని పెట్టుకోకండి, చెయ్యి తెలీకుండానే బిగుస్తుంది. అయ్యాక సాగదీసి టేపుతో కొలవండి, 48 దాటాలి. పిల్లాడి తల మీంచి ఒకసారి దాటించి చూశాకే నూలుదారం లాగేయండి. ఏడాదిలోపు పిల్లలకైతే ఇదంతా వద్దు, ఒక భుజం తెరిచి బొత్తాలే పెట్టాలి.

తర్వాత పక్కలు, చేతులు కుట్టండి, ఊలు కొసలు లోపలివైపు దాచండి. చల్లనీళ్లలో జాడించి, తువాలులో చుట్టి నొక్కి, చాప మీద నీడన పరవండి. తీగ మీద ఆరేస్తే నీటి బరువుకి పొడుగు సాగుతుంది. మన దగ్గర దొరికే ఊలు ఎక్కువగా అక్రిలిక్, అంటే ప్లాస్టిక్కే, దాని మీద ఇస్త్రీపెట్టె పెడితే పట్టీ మెత్తగా చచ్చిపోయి మళ్లీ లేవదు. పొగమంచు రోజుల్లో ఆరడానికి రెండు రోజులు పడుతుంది, మధ్యలో ఒకసారి తిరగేయండి.