ఇంటి నుంచి ఫోన్‌లో సలహా చెప్పే నర్సులకు: షిఫ్టుకు ముందు జాగ్రత్తలు

- తలుపు వేసుకునే గది, హెడ్‌సెట్ తప్పనిసరి. పేషెంట్ చెప్పుకునే బాధ మన ఇంట్లోవాళ్ల చెవిన కూడా పడొద్దు.

- ఫోన్, ల్యాప్‌టాప్ ఫుల్ ఛార్జింగ్. ఇంకో కంపెనీ సిమ్ కూడా ఉంచుకోండి. ఎండాకాలం గాలిదుమారం లేస్తే హన్మకొండలోనూ కరెంటు పోతుంది.

- ముందుగా అడగాల్సింది ఊరు, మండలం, మళ్లీ చేయడానికి నంబర్. ఒకే పేరున్న ఊళ్లు చాలా ఉంటాయి. లైన్ తెగితే 108కి మీరే చెప్పాల్సి రావచ్చు.

- పత్తికి మందు కొట్టే రోజుల్లో పురుగుల మందు కాల్స్‌కు సిద్ధంగా కూర్చోండి. పురుగుల మందు తాగితే, ఒంటిమీద పడితే: మెలకువ ఉందా, ఊపిరి ఎట్లుంది అడగండి. వెంటనే 108. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దని గట్టిగా చెప్పండి, చాలా ఇళ్లల్లో మొదట చేసేది అదే. మందు పడిన బట్టలు తీసేసి, చేతులకు తొడుగు వేసుకొని ఒళ్లు సబ్బుతో కడగాలి. డబ్బా దవాఖానకు వెంట తీసుకుపోవాలి. డాక్టర్‌కు దానిమీదున్న మందు పేరే ఆధారం.

- పాము కాటుకు బిగించి కట్టొద్దు, కోయొద్దు, పసరు కోసం తిరగొద్దు. కాలు కదలనీయకుండా వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి.

- చనిపోవాలనుందని ఎవరైనా అంటే తొందరపెట్టకండి, పూర్తిగా వినండి. పక్కన ఎవరున్నారో కనుక్కోండి. మానసిక ఆరోగ్యానికి సర్కారు హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబర్ కళ్లెదుట రాసి పెట్టుకోండి.

- కొత్త మందు రాయడం డాక్టర్ పని. ఎంత బతిమాలినా పేరు చెప్పొద్దు, డాక్టర్‌కు లైన్ కలపండి.

- పెట్టేసే ముందు మీరు చెప్పింది వాళ్లతో తిరిగి చెప్పించండి.