ఒక్క చక్రమే నల్లబడుతోందా? ప్యాడ్లు మార్చకండి, ముందు కాలిపర్ చూపించండి

పోయిన నెల మా పిన్ని కొడుకు కారు కొండ దిగుతూ గట్టుకి గుద్దుకుంది. లోపల ముగ్గురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు, డిక్కీ నిండా సామాను. మలుపు ముందు బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా నేల దాకా పోయిందట. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేక్ లాగుతూ, కొండవైపు గట్టుకి రాపాడించి ఎలాగో ఆపాడు. అందరూ చిన్న దెబ్బలతో బయటపడ్డారు. ఆ మలుపు లోయవైపు తిరిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

ఆ కారుకి ఆరు వారాల ముందే కొత్త బ్రేక్ ప్యాడ్లు (చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని నొక్కి బండి ఆపే ముక్కలు) వేయించాడు. పాతవి అరిగిపోలేదు, సగానికి సగం మందం ఇంకా ఉంది. ముందు ఎడమ చక్రం కడిగిన మూడో రోజుకే మసి పూసినట్టు అవుతోందని, చూడ్డానికి బాగాలేదని మార్పించాడు. "దుమ్ము రాని ప్యాడ్లు కావాలి" అని అడిగితే షాపులో ఇచ్చారు, మెకానిక్ వేశాడు. చక్రం ఇప్పుడు తళతళలాడుతోందని నాకు ఫోన్ చేసి చెప్పాడు కూడా. ఎడమ చక్రం ఒక్కటే ఎందుకు నల్లబడేదని నేను ఆ రోజు అడగలేదు. ఆ బాధ నన్ను వదలడం లేదు.

తర్వాత విప్పి చూస్తే ఎడమ కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కి పట్టే బిగింపు) స్లైడ్ పిన్ను, అంటే కాలిపర్ అటూ ఇటూ జారే కడ్డీ, తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. కాలు తీసినా ప్యాడ్ డిస్క్‌ని పూర్తిగా వదలడం లేదు. ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఆ రాపిడి నల్లపొడిగా బయటపడింది. అరగంట సేపు దిగుడు దారి తగిలేసరికి చక్రం కాగిపోయింది. ఆ వేడి కాలిపర్‌లోని బ్రేక్ ఆయిల్‌కి ఎక్కి, ఆయిల్ మరిగి, ఆవిరి బుడగలు కట్టింది. ద్రవాన్ని ఎంత నొక్కినా కుదించుకోదు కాబట్టే మన కాలి బలం చక్రం దాకా చేరుతుంది. ఆవిరి అలా కాదు, నొక్కితే నలిగిపోతుంది. పెడల్ నేలకి పోయింది అందుకే. పాత ప్యాడ్లు ఆ జబ్బుని రోజూ చూపిస్తూనే ఉన్నాయి. కొత్తవి వచ్చి జబ్బుని అలాగే ఉంచి గుర్తుని తుడిచేశాయి.

పదిహేడేళ్లుగా బ్రేకుల పని చేస్తున్నాను. దుమ్ము గొడవతో వచ్చినవాళ్లని నిజంగా ముంచిన పొరపాటు నేను చూసింది ఇదొక్కటే: నాలుగు చక్రాలూ పోల్చి చూడకుండా ప్యాడ్లు మార్చేయడం. సెలవుల్లో బండి నిండా మనుషుల్ని ఎక్కించుకుని కొండదారి పట్టే ముందు ఇది రాయాలనిపించింది. ప్యాడ్లు అరిగితే మార్చండి, బ్రేకులు చెక్ చేయించండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ముందు దుమ్ము ఎక్కడ పడుతోందో చూడండి

చక్రం మీద పడే నల్లపొడి అంతా ప్యాడ్‌దే అనుకుంటారు. అందులో డిస్క్ అరిగిన ఇనుప పొడి కూడా ఉంటుంది. ఆ ఇనుప రేణువులు వేడి మీద వచ్చి అల్లాయ్ చక్రానికి అంటుకుని, తేమ తగిలాక తుప్పు పట్టి, ఎంత రుద్దినా పోని గోధుమరంగు చుక్కలవుతాయి.

వెనక చక్రాల కంటే ముందు చక్రాల మీద దుమ్ము ఎక్కువగా ఉండటం సహజం. బ్రేక్ వేయగానే బండి బరువు ముందుకి వాలుతుంది, ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకులదే. వెనక డ్రమ్ములున్న కారైతే ఆ పొడి డ్రమ్ములోనే ఉండిపోతుంది, బయటికి పెద్దగా కనిపించదు. కాబట్టి ముందు వెనకల తేడాకి టెన్షన్ పడొద్దు.

ఎడమకీ కుడికీ తేడా ఉంటే మాత్రం పడాల్సిందే.

నాలుగు చక్రాలూ ఒకే రోజు శుభ్రంగా కడగండి. వారం రోజులు మామూలుగా నడపండి. తర్వాత ఒక్కో చక్రాన్ని ఒక్కో తెల్లగుడ్డతో ఒకే చోట తుడిచి, గుడ్డల్ని పక్కపక్కన పరిచి చూడండి. ముందు రెండూ ఒకేలా, వెనక రెండూ ఒకేలా ఉంటే మీ సమస్య ప్యాడ్ రకానిదే, అప్పుడు తక్కువ దుమ్ము ప్యాడ్ల గురించి ఆలోచించవచ్చు. ఒక పక్క గుడ్డ బాగా నల్లబడితే అక్కడ ప్యాడ్‌ని నెట్టే పిస్టనో పిన్నో బిగుసుకుని ఉండొచ్చు. ఒక పక్క దుమ్మే లేదంటే అది ఇంకా చెడ్డ కబురు. ఆ బ్రేక్ పనిచేయడం లేదు, దాని పని కూడా రెండో పక్కే చేస్తోంది. చాలామంది నల్లబడిన చక్రాన్నే అనుమానిస్తారు, శుభ్రంగా ఉన్నదాన్ని మెచ్చుకుంటారు. రెండు పక్కలా విప్పించండి.

ఇంకో పరీక్ష కూడా ఉంది. రద్దీ లేని దారిలో పది పదిహేను కిలోమీటర్లు బ్రేక్ వీలైనంత తక్కువ వాడుతూ నడిపి ఆపండి. చక్రాల దగ్గరికి అరచెయ్యి పెట్టి వేడి ఎలా ఉందో చూడండి. డిస్క్‌ని తాకకండి, చర్మం ఊడొస్తుంది. జత చక్రం చల్లగా ఉండి ఇదొక్కటే సెగలు కక్కుతుంటే ప్యాడ్ల షాపుకి వెళ్లే పని లేదు, మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లవాళ్లు ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. వాటిలో వేగం చాలావరకు మోటారే తగ్గిస్తుంది కాబట్టి ప్యాడ్లు తక్కువ వాడకంలో ఉంటాయి, దుమ్ము ఎలాగూ తక్కువే. కదలిక లేక పిన్నులు బిగుసుకుపోయే అవకాశం కూడా వాటిలో ఉంది.

పెట్టె మీద "సిరామిక్" అని ఉంటే చాలదు

దుమ్ము తగ్గాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఆ పొడి మనం పీల్చే గాలిలోకే పోతుంది. యూరప్‌లో యూరో 7 నిబంధనలు టైలు పైపు పొగతో పాటు బ్రేకుల నుంచి వచ్చే సన్నటి రేణువులకీ మొదటిసారి హద్దు పెట్టాయి. 2026 నవంబరు చివరి నుంచి కొత్త మోడళ్లకి అవి వర్తిస్తాయి. చాలావరకు పెట్రోలు, డీజిల్ కార్లకి కిలోమీటరుకి 7 మిల్లీగ్రాములు, పూర్తి ఎలక్ట్రిక్ కార్లకి 3 మిల్లీగ్రాములు.

ప్యాడ్ల రకాలు తెలిసి ఉంటే షాపులో మోసపోరు. సెమీ మెటాలిక్ ప్యాడ్లలో బరువులో సుమారు 30 నుంచి 65 శాతం దాకా లోహమే. వేడిని బాగా తట్టుకుంటాయి, దుమ్మూ చప్పుడూ ఎక్కువ. లో మెటాలిక్‌లో లోహం 10 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. చాలా యూరప్ కార్లకి కంపెనీ నుంచే ఇవి వస్తాయి. పట్టు గట్టిగా ఉంటుంది, చక్రాలు మాత్రం వారానికే నల్లబడతాయి. ఆర్గానిక్ మెత్తగా, చప్పుడు లేకుండా పనిచేస్తాయి కానీ త్వరగా అరుగుతాయి, బాగా వేడెక్కితే పట్టు సడలుతుంది. సిరామిక్‌లో దుమ్ము తక్కువ. వచ్చిన కాస్తా లేత రంగులో ఉండి చక్రానికి అంతగా అంటుకోదు.

రోజూ ఆఫీసుకీ ఇంటికీ తిరిగే మామూలు కారుకి మంచి కంపెనీ సిరామిక్ ప్యాడ్లు వేయించుకోమనే చెబుతాను. బరువులు మోసే బండికి, ట్రైలర్ లాగే బండికి, వారం వారం కొండ ఎక్కి దిగే బండికి మాత్రం చెప్పను. అక్కడ కంపెనీ ఇచ్చిన రకాన్నే ఉంచి, చక్రాలు కాస్త తరచుగా కడుక్కోవడం మేలు.

ఇక "సిరామిక్" అన్న మాటకి అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. గట్టిగా, పట్టు లేకుండా చేసిన చవక ప్యాడ్ మీద కూడా అదే మాట ఉండొచ్చు. అది నిజంగానే దుమ్ము రాల్చదు, ఎందుకంటే అది డిస్క్‌ని సరిగా పట్టుకోదు. అందుకే పెట్టె పక్కనపెట్టి ప్యాడ్ అంచు చూడండి. చాలా ప్యాడ్ల మీద ఒక కోడ్ ఉంటుంది, చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగినప్పటి పట్టు. ఈ (E) అక్షరం అంటే రాపిడి గుణకం (పట్టు ఎంతో చెప్పే సంఖ్య) 0.25 నుంచి 0.35, ఎఫ్ (F) అంటే 0.35 నుంచి 0.45, జీ (G) అంటే 0.45 నుంచి 0.55. మీ పాత ప్యాడ్ మీద ఎఫ్ఎఫ్ ఉంటే ఈఈ ఉన్నది కొనకండి. ఎఫ్ఈ అని ఉంటే వేడెక్కాక పట్టు తగ్గుతుందని ఆ ప్యాడే చెబుతోంది.

బయట కొనే బ్రేక్ ప్యాడ్ల కోసం ఉన్న ఆర్90 అనే నిబంధన ఆమోదం ఉంటే ఇంకా మంచిది. ఆ నిబంధన ప్రకారం బయట కొన్న ప్యాడ్ పనితీరు కంపెనీ ప్యాడ్‌కి 15 శాతానికి మించి తేడా ఉండకూడదు. ప్యాడ్ వెనక ఇనుప రేకు మీద గుండ్రటి గీతలో ఇంగ్లిష్ E అక్షరం, దాని తర్వాత 90ఆర్ (90R) అని ఉంటుంది.

కాపర్ ఫ్రీ అన్న ముద్ర దుమ్ము గురించి కాదు. రాగి పొడి వాననీటితో వాగుల్లోకి పోయి చేపలకి హాని చేస్తోందని అమెరికాలో కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు తెచ్చిన నియమం అది. మంచిదే, కానీ అది చూసి దుమ్ము రాదనుకోవద్దు.

వేయించేటప్పుడు, ఆ తర్వాత

– ప్యాడ్లు విప్పిన రోజే స్లైడ్ పిన్నులు బయటికి తీసి, తుడిచి, వాటికి తగిన గ్రీజు పెట్టమనండి. మీరు దగ్గరుండి చూడండి. పిన్ను చేత్తో నెడితే జారాలి. పిన్ను మీది రబ్బరు బూటు (తొడుగు) చిరిగి ఉంటే మార్పించండి, దాంట్లోంచే నీళ్లు దిగి పిన్ను తుప్పు పడుతుంది.

– విప్పిన ప్యాడ్లని పారేయనివ్వకండి. ముందు పక్కపక్కన పెట్టి చూడండి. లోపలి ప్యాడ్ అరిగి బయటిది అలాగే ఉందా? ఎడమది అరిగి కుడిది మిగిలిందా? అయితే కొత్త ప్యాడ్ వేసినా అదే జరుగుతుంది. కాలిపర్ బాగుచేశాకే కొత్తది పెట్టించండి.

– ఒక ఇరుసుకి రెండు పక్కలా ఒకేసారి, ఒకే రకం. ఒక పక్క సిరామిక్, ఒక పక్క పాతది వద్దు.

– గ్రీజు ప్యాడ్ చెవులకి (రెండు చివర్లా బయటికి ఉండే కొసలకి), వెనక రేకుకి మాత్రమే. రాపిడి ముఖానికి ఒక్క చుక్క కూడా తగలకూడదు.

– పాత పొడిని గాలిగొట్టంతో ఊదనివ్వకండి. పాత బండి ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. లేకపోయినా ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిపి తుడవాలి.

– ప్యాడ్లు వేశాక బండి కదిపే ముందు పెడల్ గట్టిపడే దాకా తొక్కండి. వెనక్కి నెట్టిన పిస్టన్లు మళ్లీ ముందుకి రావాలి. ఇది మర్చిపోయి షెడ్డు గోడకి గుద్దినవాళ్లని చూశాను.

– కొత్త ప్యాడ్లని డిస్క్‌కి అలవాటు చేయాలి. ప్యాడ్ కంపెనీ కాగితం మీద ఏం రాసి ఉందో అలాగే చేయండి. కాగితం లేకపోతే ఖాళీ దారిలో 50 వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో అరనిమిషం చల్లారనిస్తూ, ఎనిమిది పదిసార్లు. తర్వాత కాసేపు బ్రేక్ వేయకుండా నడపండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు దుమ్ము కాస్త ఎక్కువే ఉంటుంది. ప్యాడ్లు మంచివి కావని అప్పుడే తీర్పు చెప్పకండి.

– దుమ్ముకి అడ్డుగా చక్రానికీ బ్రేక్‌కీ మధ్య బిగించే రేకులు పెట్టించకండి. డిస్క్‌కి గాలి ఆడాలి.

– వేడి చక్రం మీద నీళ్లు కొట్టకండి. యాసిడ్ క్లీనర్లు వాడకండి. టైరు పాలిష్ స్ప్రే డిస్క్ మీద పడనివ్వకండి. కీచుమంటోందని డిస్క్ మీద నూనె స్ప్రే కొట్టకండి, ఆ నూనె తగిలిన ప్యాడ్లు ఇక పనికిరావు.

– కడిగాక నెమ్మదిగా నడుపుతూ రెండు మూడుసార్లు బ్రేక్ వేసి ఆరబెట్టండి.

– బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 155 దగ్గరికి పడిపోవచ్చు. రెండేళ్లు దాటిందా, కొండకి పోయే ముందు మార్పించండి. అందులో ఇంజిన్ ఆయిల్ పొయ్యకండి.

– ప్రయాణం ముందు రోజు ప్యాడ్లు మార్చకండి. వారం ముందైనా మార్చి, ఊళ్లో నడిపి, మళ్లీ నాలుగు చక్రాలూ తుడిచి చూడండి. ప్యాడ్లు కొత్తవి కదా అని ఈ పని వదిలేయకండి. మా పిన్ని కొడుకు కారువీ కొత్తవే.

– తక్కువ దుమ్ము ప్యాడ్లు వేయించుకున్నాక చక్రాలు చూడటం మానేయకండి. ఇకముందు ఎడమకీ కుడికీ కొద్ది తేడా కనిపించినా చాలు, విప్పించండి.

– దిగేటప్పుడు గేరు తగ్గించండి. పెడల్ మీద కాలు ఆనించి ఉంచకండి.

– కాలిన వాసన వచ్చిందా, బండి ఒక పక్కకి లాగుతోందా, పెడల్ మెత్తబడిందా, చోటు దొరకగానే ఆపండి. పిల్లల్ని దింపి దారికి దూరంగా నిలబెట్టండి. చక్రం కింద రాయి పెట్టండి. నీళ్లు పోయకండి. పూర్తిగా చల్లారాక పెడల్ తొక్కి చూడండి. ఇంకా మెత్తగా ఉంటే టో బండిని పిలిపించండి. గట్టిపడినా ఒక చక్రమే కాగి ఉంటే దిగువకి నడపకండి, మెకానిక్‌నే అక్కడికి రప్పించండి. ఒక్క కిలోమీటరేగా మిగిలింది అనుకోకండి.