డెల్టా పీహెచ్‌సీలో వడగాల్పుల హెచ్చరికను చదివే పద్ధతి

తీరప్రాంతంలో వడగాల్పులు వీస్తున్నట్లు భారత వాతావరణ శాఖ ప్రకటించాలంటే గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 37 డిగ్రీలకు చేరి, ఆ కాలపు సాధారణ స్థాయికన్నా 4.5 డిగ్రీలైనా ఎక్కువగా నమోదు కావాలి. ఈ నిర్వచనంలో గాలిలోని తేమకు చోటు లేదు. గోదావరి డెల్టాలోని అమలాపురం, రాజోలు, నరసాపురం ప్రాంతాల్లో పనిచేసే వైద్యాధికారులు, ఏఎన్ఎంలు ముందుగా గుర్తుంచుకోవలసింది ఇదే. సముద్రపు గాలి తెచ్చే ఉక్కపోతలో 37 డిగ్రీలకు చేరకముందే చెమట ఆరడం మందగిస్తుంది. చెమట ఆరకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు. కనుక మన మండలం పేరు వడగాల్పుల హెచ్చరిక జాబితాలో లేదన్న ఒక్క కారణంతో నిశ్చింతగా ఉండకూడదు.

రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఏయే మండలాల్లో వడగాల్పులు, ఏయే మండలాల్లో తీవ్ర వడగాల్పులు ఉండవచ్చునో ముందుగానే తెలియజేస్తుంది. వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగులతో తీవ్రతను సూచిస్తుంది. వీటితో పాటు వేడి, ఉక్కపోతల గురించి విడిగా ఇచ్చే సూచననూ, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతనూ, వరుసగా ఎన్ని రోజులుగా ఈ ఎండ కాస్తున్నదనే విషయాన్నీ కలిపి చూడాలి. రాత్రి చల్లబడని రోజుల్లో వృద్ధుల శరీరం కోలుకోదు. నా దృష్టిలో పగటి అంకెకన్నా ఈ అంకెకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

హెచ్చరిక అందిన సాయంత్రమే ఆశా కార్యకర్తలకు పని అప్పగించాలి. రేకుల ఇళ్లలో ఒంటరిగా ఉండే వృద్ధులు, గర్భిణులు, గుండె, కిడ్నీ రోగులు, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు లేదా మానసిక వ్యాధులకు మందులు వాడేవారి పేర్లు ముందే రాసి ఉంచుకోవాలి. ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట వరి) కోతలు, ధాన్యం ఎగుమతి, ఉపాధి హామీ పనులు ఒకేసారి సాగుతాయి గనుక కూలీల మేస్త్రీకి కూడా కబురు చేరాలి. “నీళ్లు తాగుతున్నారా” అని అడిగితే అందరూ తాగుతున్నామనే అంటారు. “పొద్దున్నుంచి మూత్రానికి ఎన్నిసార్లు వెళ్లారండీ, ఏ రంగులో వచ్చిందండీ” అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

ఎండలోనో ఉక్కలోనో ఉన్న మనిషి తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా, మలద్వారం ద్వారా చూసిన ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినా వడదెబ్బగానే భావించి వెంటనే చల్లబరచాలి. చర్మం చెమటతో తడిగా ఉందని వడదెబ్బ కాదనుకోవడం ప్రమాదకరం. ధాన్యం ఆరబెట్టే టార్పాలిన్‌ మీద రోగిని పడుకోబెట్టి, నలుగురు అంచులు ఎత్తి పట్టుకుని, ఐసు కలిపిన నీరు పోసి అటూ ఇటూ కదిలించవచ్చు. తల మాత్రం నీటికి పైన ఉండేలా ఒకరు పట్టుకోవాలి. రొయ్యల కోసం నడిచే ఐసు ఫ్యాక్టరీలు మనకు దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి వారితో మార్చిలోనే మాట్లాడి ఉంచుకోవాలి. 108కు ఫోను చేసి, వాహనం వచ్చేలోగా చల్లబరచడం ఆపకూడదు. ఉష్ణోగ్రత 39 డిగ్రీలకు దిగితేనే ఆపాలి. పారాసిటమాల్ ఇక్కడ పనిచేయదు. స్పృహ లేనివారి నోట్లో నీరు పోయకూడదు.

ప్రతి కేసునూ అదే రోజు నివేదికలో చేర్చాలి. హెచ్చరిక లేని రోజున వచ్చిన కేసులను మరింత శ్రద్ధగా, ఆ రోజు ఉష్ణోగ్రత, తేమ, రోగి చేస్తున్న పనితో సహా నమోదు చేసి జిల్లా వైద్యాధికారికి పంపాలి. తేమ ఎక్కువగా ఉండే మన మండలాలకు హెచ్చరిక హద్దు ఎక్కడ ఉండాలో తేల్చడానికి ఆ వివరాలే ఆధారం.