ట్రెడ్‌మిల్ పరీక్ష, మూడవ పాఠం: క్రీడాకారుడికి తగిన ప్రోటోకాల్‌ను ఎంచుకోవడం

గత పాఠంలో బ్రూస్ ప్రోటోకాల్ (ట్రెడ్‌మిల్ వేగం, వాలు ఎప్పుడెంత పెంచాలో చెప్పే క్రమం) పట్టికను ఇచ్చి, దానితో ఒక్కరినైనా పరీక్షించి ఫలితం రాసి పంపమని కోరాను. నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి వచ్చిన కాగితాలన్నింటిలో ఒకే చిక్కు కనిపించింది. ఐదు కిలోమీటర్ల పరుగులో మంచి టైమింగ్ ఉన్న కుర్రాళ్లు కూడా నాలుగో దశలో, ఊపిరి ఇంకా మిగిలి ఉండగానే, పిక్కలు పట్టేశాయని దిగిపోయారు. మరికొందరు పక్కనున్న కడ్డీ పట్టుకుని పద్నాలుగో నిమిషం దాకా సాగారు. ఈ వారం లాక్టేట్ (శ్రమకు రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష చెప్పవలసి ఉన్నా, ఈ చిక్కు విడిపోనిదే ముందుకు వెళ్లడం సరికాదు.

బ్రూస్ ప్రోటోకాల్ గుండె జబ్బుల నిర్ధారణ అవసరాల నుంచి పుట్టినది. అందులో ప్రతి మూడు నిమిషాలకూ వేగమూ వాలూ కలిసే పెరుగుతాయి. నాలుగో దశలో వేగం గంటకు 6.8 కిలోమీటర్లు, వాలు 16 శాతం. ఆ వేగం నడకకు ఎక్కువ, పరుగుకు తక్కువ కావడంతో, మైపాడు సముద్రతీరపు ఇసుకలోనో కాలువ గట్టు మీదో సాధన చేసి వచ్చి మొదటిసారి యంత్రమెక్కిన వ్యక్తి అక్కడ తడబడి, చేయి చాచి కడ్డీని అందుకుంటాడు.

ఆ కడ్డీ గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు. చాలామంది "గట్టిగా పట్టుకోలేదు, రెండు వేళ్లు ఆనించాడంతే" అని రాశారు. వేళ్లు ఆనినా శరీర భారంలో కొంత చేతుల మీదికి పోతుంది, కాళ్లు చేసే పని తగ్గుతుంది, కాలం మాత్రం పెరుగుతుంది. పరీక్ష సాగిన నిమిషాలను బట్టి అంచనా కట్టే గత పాఠంలోని సమీకరణంలో 12 నిమిషాలు వేస్తే ఆక్సిజన్ గరిష్ఠ వినియోగం కిలో బరువుకు నిమిషానికి 42.4 మిల్లీలీటర్లు వస్తుంది. 14 నిమిషాలు వేస్తే 50.9. కడ్డీ పుణ్యాన దొరికిన రెండు నిమిషాలు మనిషిని కాగితం మీద ఎనిమిదిన్నర మిల్లీలీటర్లు పైకి ఎక్కించాయి. ఆ అంకెను నమ్మి శిక్షణ భారం పెంచితే నష్టపోయేది ఆ కుర్రాడే. అందువల్ల పరీక్షకు ముందు పది నిమిషాలు యంత్రం మీద అలవాటు చేయించండి. చూపు పాదాల మీద కాకుండా ఎదురుగా ఉండేలా చూడండి. పరీక్షలో చేయి ఆనితే ఆ సంగతిని ఫలితం పక్కనే రాయండి.

పరుగు క్రీడాకారులకు నేను ఇష్టపడేది ఆస్ట్రాండ్ పద్ధతి. వేగం స్థిరం, మొదటి మూడు నిమిషాలు సమతలం, ఆ తర్వాత ప్రతి రెండు నిమిషాలకూ 2.5 శాతం వాలు. పరీక్ష 8 నుంచి 12 నిమిషాల మధ్య ముగియాలి కాబట్టి, ప్రారంభ వేగాన్ని ఎంచుకోవడమే ఇక్కడ అసలు నేర్పు. నిమిషానికి మీటర్లలో వేగాన్ని 0.2తో హెచ్చించి, వేగం, వాలు (2.5 శాతమంటే 0.025), 0.9ల లబ్ధాన్ని, 3.5ని కలిపితే ఆ దశకు ఆక్సిజన్ వినియోగపు అంచనా వస్తుంది. గంటకు 12 కిలోమీటర్లయితే సమతలంలో 43.5, ప్రతి దశకూ 4.5 పెరుగుతూ, తొమ్మిదో నిమిషం దాటాక మొదలయ్యే దశలో 61.5కు చేరుతుంది. గరిష్ఠం 60 దగ్గర ఉన్నవాడికి ఇది చక్కగా సరిపోతుంది. అదే వ్యక్తిని 8 కిలోమీటర్ల వేగంతో మొదలుపెడితే 60కి చేరడానికి 25 శాతం వాలు, ఇరవై నిమిషాల పైన సమయం కావాలి. అప్పుడు మళ్లీ పిక్కలే ముందు ఆగిపోతాయి.

కబడ్డీ ఆటగాళ్లకు వాలును 1 శాతం దగ్గర స్థిరంగా ఉంచి, గంటకు 8 కిలోమీటర్లతో మొదలుపెట్టి నిమిషానికొక కిలోమీటరు పెంచడం నా అలవాటు. బరువైన శరీరానికి నిటారు వాలు తగదు. ఇంకొక ప్రోటోకాల్ అయిన బాల్కే పద్ధతి నడక వేగం మీద నడుస్తుంది కాబట్టి, దృఢమైన క్రీడాకారుడికి అది మరీ సాగిపోతుంది.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కుటుంబంలో చిన్న వయసు గుండెపోటు ఉన్నవారిని వైద్యుడు చూడకుండా యంత్రమెక్కించకూడదు.

సాధన: కానిస్టేబుల్ ఎంపిక కోసం 1600 మీటర్లు పరుగెత్తుతున్న యువకుడు, పది కిలోమీటర్లు పరుగెత్తే యువతి, ఒక కబడ్డీ రైడర్, ఈ ముగ్గురిని మీ ఊళ్లోనే ఎంచుకోండి. మొదటి ఇద్దరికీ గంటకు 9, 10, 11, 12 కిలోమీటర్ల వేగాలతో ఆస్ట్రాండ్ దశలన్నీ లెక్కగట్టి, గరిష్ఠాన్ని 45, 52, 60గా అనుకున్నప్పుడు ఒక్కొక్కటి ఏ నిమిషంలో ముగుస్తుందో పట్టిక వేయండి. రైడర్‌కు పైన చెప్పిన వేగపు పద్ధతితో అదే లెక్క చేయండి. 8 నిమిషాలలోపు గాని, 12 దాటి గాని ముగిసే వరుసలను కొట్టివేసి, మిగిలిన వాటిలో ఎవరికి ఏది ఎంచుకున్నారో కారణంతో సహా రాసి పంపండి.