వీధికుక్కల మీద కార్పొరేషన్‌కు అర్జీ ఎలా రాయాలి?

"అయ్యా, మా వీధిలో కుక్కలు విపరీతంగా పెరిగిపోయాయి. గుంటలు (పిల్లలు) బయట తిరగడానికి భయపడుతున్నారు. దయచేసి వాటిని బండెక్కించి ఊరి బయట ఒగ్గీయవలెనని (వదిలేయాలని) ప్రార్థన." కింద ముప్పై సంతకాలు. విజయనగరంలో దాసన్నపేట నుంచి వెళ్లినా, తోటపాలెం నుంచి వెళ్లినా అర్జీ ఇదే. ఆర్నెల్ల తర్వాత "ఇచ్చాం బాబూ, ఏటీ అవలేదు" అన్న మాటా ఇదే. తప్పంతా ఆఫీసుదే అనుకోవద్దు. అర్జీలోని ఆ చివరి వాక్యం అడుగుతున్నది చట్టం వద్దన్న పని. వద్దన్న పని అడిగితే ఫైలు మూసేయడానికి అధికారికి ఒక్క నిమిషం చాలు.

కావలసినవి: నాలుగు తెల్ల కాగితాలు, నీలం సిరా పెన్ను, ఫోటోలు తీసే ఫోను, జిరాక్స్‌కు చిల్లర. అర్జీ చేత్తోనే రాయాలి. కంప్యూటర్ సెంటర్‌లో టైపు చేయిస్తే వాళ్ల దగ్గరున్న పాత నమూనాలోకి మీ వీధి పేరు దూర్చి ఇస్తారు, అది చదవకముందే తెలిసిపోతుంది. సంతకాలు ఐదు చాలు, ప్రతి సంతకం పక్కన డోర్ నంబరు, ఫోన్ నంబరు ఉండాలి. ముప్పై సంతకాలు పెట్టిన చోట కుక్కలు పట్టే బండి వచ్చిన రోజు ఒక్కరూ గుమ్మం దాటి రారు.

ముందు లెక్క. పొద్దున్న ఐదు, ఆరు మధ్య వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. పగలు లెక్కపెడితే సగం కుక్కలు కార్ల కింద, కాలువ గట్ల మీద పడుకుని కనపడవు. వరసగా మూడు రోజులు చూడండి, మూడు రోజులూ కనపడినవే మీ వీధి కుక్కలు. కాగితం మీద పట్టిక గీసి ప్రతి కుక్కకూ ఒక వరస: రంగు, మగా ఆడా, ఉండే చోటు. చోటు రాసేటప్పుడు "కిరాణా కొట్టు దగ్గర" అని కాకుండా కరెంటు స్తంభం మీదున్న నంబరు వేయండి. కొట్టు మారుతుంది, స్తంభం కదలదు.

చెవులు తప్పకుండా చూడండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన కుక్కకు గుర్తుగా చెవి కొన కత్తిరిస్తారు. కత్తిరింపు అంచు నున్నగా, తిన్నగా ఉంటుంది. కొట్లాటలో చిరిగిన చెవి అయితే అంచు రంపపు పళ్లలా ఉంటుంది, చుట్టూ పాత గాట్లుంటాయి. ఈ రెండింటినీ కలిపేస్తే మీ లెక్క మొత్తం తప్పుతుంది. ఆడకుక్క పొదుగు వేలాడుతుంటే దగ్గర్లో ఎక్కడో పిల్లలున్నాయి. అదీ రాయండి. పాలిచ్చే తల్లిని పిల్లల నుంచి విడదీసి పట్టుకుపోకూడదు, ఆరు నెలలు నిండని పిల్లలను ఆపరేషనుకు పట్టకూడదు. మెడలో పట్టీ ఉన్నదాన్ని ఈ లెక్కలో కలపొద్దు. దానికి యజమాని ఉన్నాడు. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం జరగకుండా జాగ్రత్త పడనివాడి మీద భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 291వ సెక్షన్ ఉంది. ఆ ఫిర్యాదు పోలీస్ స్టేషనుకు వేరే కాగితం మీద వెళ్లాలి.

ఎవరినైనా కరిచి ఉంటే అర్జీ సంగతి తర్వాత. పుండును ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి పదిహేను. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు, కట్టు బిగించొద్దు. ప్రభుత్వాసుపత్రిలో చర్మంలోకి ఇచ్చే రేబిస్ టీకా పద్ధతి 0 (మొదటి డోసు వేసిన రోజు), 3, 7, 28 రోజులు. చర్మం తెగి రక్తం వస్తే టీకాతో పాటు గాయంలోకి సీరం (రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్) కూడా వేయాలి, అడిగి మరీ వేయించుకోండి. ఓపీ చీటీ జిరాక్స్ అర్జీకి జతచేయండి. పది ఫోటోలకంటే ఆ ఒక్క చీటీకి బరువెక్కువ.

ఇక అసలు చిక్కు: ఏం అడగాలి. అందరూ బోర్లాపడేది ఇక్కడే, నెమ్మదిగా చదవండి.

2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కను పట్టుకుని, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. కాబట్టి మీ అర్జీలో ఉండాల్సిన వాక్యం ఇది: "జతచేసిన పట్టికలోని కుక్కలన్నింటికీ జంతు జనన నియంత్రణ నియమాలు, 2023 ప్రకారం శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించి, అదే చోట వదలవలసిందిగా కోరుతున్నాము." అదే చోట అన్న రెండు మాటలు రాయడానికి చెయ్యి రాదు చాలామందికి. వదిలేస్తే ఇంక అర్జీ దేనికి అంటారు. దేనికో చెప్తాను.

కుక్క ఉండే చోటు దాని సొంత జాగా. చికెన్ సెంటర్ వాడు వ్యర్థాలు కాలువలో పోస్తున్నంత కాలం ఆ జాగా ఖాళీగా ఉండదు. ఉన్నవాటన్నింటినీ తీసుకెళ్లి ఎక్కడో వదిలితే పక్క వీధుల నుంచి కొత్తవి దిగుతాయి. వాటికి టీకా ఉండదు, మీ పిల్లల మొహాలు తెలియవు, జాగా కోసం కొట్లాట మొదలవుతుంది. కుక్క ఈనడానికి దాదాపు అరవై మూడు రోజులు పడుతుంది. మీరు వీధి ఖాళీ అయిందని సంబరపడిన రెండు మూడు నెలలకు మళ్లీ పిల్లలతో సహా వీధి నిండుతుంది. చెవి కత్తిరించిన కుక్క అక్కడే ఉంటే కొత్తదాన్ని రానివ్వదు, ఈనదు. మీకు జీతం లేని కాపలా అది.

"రెండు మూడు కుక్కలకు చేయండి చాలు" అని అడగడం ఇంకో పొరపాటు. వీధిలో కనీసం డెబ్బై శాతానికి ఒకేసారి ఆపరేషన్ అవకపోతే సంఖ్య తగ్గదు. పదింటిలో మూడింటికి చేసి వెళ్లిపోతే మిగిలిన వాటిలో రెండు ఆడకుక్కలున్నా చాలు, ఏడాదికి లెక్క మళ్లీ మొదటికే. అందుకే "పట్టికలోని అన్నింటికీ" అన్న మాట తీసేయొద్దు.

దీనికి ఒక మినహాయింపు ఉంది, మీ చోటు అందులో వస్తుందో లేదో చూసుకోండి. బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను తొలగించి, ఆపరేషన్, టీకా అయ్యాక షెల్టరుకు పంపాలని, తిరిగి అక్కడే వదలొద్దని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. మీది బడి గోడ లోపలి సమస్య అయితే హెడ్‌మాస్టరు చేత, ఆ ఆదేశం తేదీ వేసి, విడిగా అర్జీ పెట్టించండి. వీధి సమస్యను బడి సమస్యగా చూపించే తెలివితేటలు వద్దు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసిన రోజు రెండు అర్జీలూ పోతాయి.

పిచ్చి పట్టిందని అనుమానం ఉన్న కుక్క సంగతి వేరు. చొంగ కార్చుతూ, దారీ తెన్నూ లేకుండా తిరుగుతూ, అడ్డొచ్చిన ప్రతిదాన్నీ కరుస్తుంటే పట్టికలో రాసి, అర్జీలు తీసుకునే సోమవారం దాకా ఆగకండి. అప్పటికప్పుడు కార్పొరేషన్‌కు ఫోన్ చేయాలి. దాన్ని విడిగా ఉంచి గమనిస్తారు, తిరిగి వదలరు.

అర్జీలో రాయకూడనివి రెండు. ఒకటి, "అన్నం పెడుతున్న ఫలానా ఆవిడ మీద చర్య తీసుకోండి." అన్నం పెట్టడం నేరం కాదు. ఎక్కడపడితే అక్కడ పెట్టడమే సమస్య. 2025 ఆగస్టు 22 నాటి సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం అన్నం పెట్టడానికి వార్డుకో చోటు గుర్తించాలి. పిల్లలు ఆడుకునే చోటుకూ ఇళ్ల గుమ్మాలకూ దూరంగా ఒక చోటు చూపించమని అడగండి. పైగా ఆవిడను శత్రువు చేసుకుంటే నష్టం మీకే, ఎందుకో కింద చెప్తాను. రెండోది, "మీరు చేయకపోతే మేమే మందు పెట్టుకుంటాం." ఆ వాక్యం మీ చేతిరాతతో, మీ సంతకంతో ఆఫీసులో ఉండిపోతుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో తొలి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలే, అది చూసి ధైర్యం చేస్తారు కొందరు. విషం పెట్టి జంతువును చంపితే న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు.

అర్జీ చివర చికెన్ వ్యర్థాల సంగతి ఒక్క వాక్యం చేర్చండి, స్తంభం నంబరుతో.

ఇవ్వడం తేలిక. వార్డు సచివాలయంలో ఇవ్వొచ్చు, కానీ కార్పొరేషన్ ఆఫీసులోనే ఇవ్వండి. జిరాక్స్ మీద సీలు, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసు రిజిస్టరులో వేసే నంబరు) వేయించుకోకుండా కౌంటర్ వదలొద్దు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇంకో కాపీ. ఫోన్ యాప్‌లో ఫోటో పెట్టి ఊరుకోవడం పని కాదు, పట్టిక అందులో పట్టదు.

బండి వచ్చే రోజు పెంపుడు కుక్కలను ఇంట్లో కట్టేయండి. పట్టేవాళ్లు వల వాడాలి, లేదా చేత్తో పట్టాలి. ఇనుప పటకారు, తీగ ఉచ్చు నిషేధం, కనపడితే ఫోటో తీయండి. అన్నం పెట్టే ఆవిడ పిలిస్తే వచ్చే కుక్కలు వలను చూస్తే రైలు గేటు దాకా పరిగెడతాయి. అందుకే ఆవిడతో స్నేహం. ఆవిడ పక్కనుంటే అరగంటలో అయ్యే పని, లేకపోతే మూడు కుక్కలతో బండి వెళ్లిపోతుంది. ఎన్ని ఎక్కాయో మీ పట్టికలో టిక్కు పెట్టుకోండి. తిరిగి దింపేటప్పుడు చెవి చూసి, స్తంభం నంబరు సరిచూసుకోండి.

నెల గడిచినా కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు, రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "ఎందుకు చేయలేదు" అని అడగొద్దు. ఎందుకు అన్నదానికి రికార్డు ఉండదు, సమాచారం కాదని తిప్పి పంపుతారు. ఇలా అడగండి: ఫలానా ఇన్‌వార్డ్ నంబరు అర్జీ మీద ఏ తేదీన ఏ అధికారి ఏం రాశారో ఆ నోట్ నకలు; ఈ ఏడాది మా వార్డులో పట్టిన, ఆపరేషన్ చేసిన, తిరిగి వదిలిన కుక్కల సంఖ్య, తేదీలు, వదిలిన చోటు. జవాబు రాకపోతే ఆ గడువు తీరిన 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, దానికి మళ్లీ అదే ఇన్‌వార్డ్ సీలున్న జిరాక్స్ జతచేయాలి.