మెట్ట ప్రాంతపు చిన్న ఊళ్ళో కాపురం పెట్టేవాళ్ళకి

ఉదయగిరి, సీతారామపురం, పామూరు, వెలిగండ్ల, చంద్రశేఖరపురం. వెలిగొండ కొండల పక్కనున్న మెట్ట ఊళ్ళు ఇవి. శ్రీకృష్ణదేవరాయలు ముట్టడి వేసి 1514లో పట్టుకున్న కోట ఉదయగిరి కొండ మీదే ఉంది. ఇప్పుడు ఆ వైపు ఊళ్ళలో రాత్రి ఎనిమిదిన్నర దాటితే అంగళ్ళు మూతపడతాయి, రోడ్డు మీద కుక్కలు తప్ప ఎవరూ కనబడరు. బదిలీ మీద వచ్చే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరై సొంతూరు చేరేవాళ్ళు, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునేవాళ్ళు, ఇలా ఏటా కొందరు కొత్తగా ఇక్కడ కాపురం పెడుతుంటారు. వాళ్ళకోసమే ఇదంతా.

ముందు ఒక్క సంగతి అర్థం చేసుకోవాలి. ఇక్కడ దాదాపు అన్నీ దొరుకుతాయి, కాకపోతే దేని వేళ దానిదే. కుళాయికో వేళ, బస్సుకో వేళ, డాక్టరుకో వేళ, కూరగాయలకైతే వారంలో ఒక రోజు. ఆ వేళ తప్పితే మళ్ళీ వచ్చేదాకా ఆగాల్సిందే. అందుకే ఇబ్బంది లేకుండా ఆగగలిగేలా ఇంటిని అమర్చుకోవడం మొదటి పని.

ఇల్లు చూడటం

టూలెట్ బోర్డులు వెతక్కండి, ఉండవు. కిరాణా అంగడాయన్నీ, లైన్‌మ్యాన్నీ, హైస్కూలు టీచర్లనూ అడగండి. ఏ ఇల్లు ఖాళీగా ఉందో, ఎవరు ఊరొదిలి పోతున్నారో వాళ్ళకి తెలుస్తుంది. కులం అడుగుతారు. అది సరైంది కాదు, కానీ అడుగుతారు, ఇల్లు దొరకడం దొరక్కపోవడం మీద దాని ప్రభావం ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగులకి ఈ విషయంలో సహోద్యోగుల సాయమే ఎక్కువగా పనికొస్తుంది.

ఇంటిని రెండుసార్లు చూడాలి. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి వెళ్ళి పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. పడకగది అటువైపే ఉంటే ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పన్నెండుదాకా ఆ గోడ వేడి కక్కుతూనే ఉంటుంది. రాత్రి ఎనిమిదికి మరోసారి వెళ్ళి వీధి దీపాలున్నాయా, ఫోను సిగ్నలు లోపలి గదిలో అందుతోందా, ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతోందా చూడండి. ఆ వేళకి ఫ్యాను ఈడుస్తూ తిరిగితే వోల్టేజి తక్కువని అనుమానించాలి. పక్కనే గడ్డివామి, కట్టెలమోపులు, పాడుబడ్డ గోడ ఉంటే, అద్దె ఎంత తక్కువైనా వేరే ఇల్లు చూసుకోవడం మంచిది. ఎలుకలు అక్కడే చేరతాయి, వాటి వెనకే పాములు వస్తాయి.

నీళ్ళు

జలజీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు. నలుగురున్న ఇంటికి 220. పంచాయతీ కుళాయి పొద్దున గంటో గంటన్నరో వస్తుంది, ఎండాకాలంలో రోజు విడిచి రోజు కావచ్చు. పైపు పగిలినా, మోటారు కాలినా రెండు మూడు రోజులు రాదు. కాబట్టి వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటి తప్పనిసరి, అది నాలుగు రోజులు గడుపుతుంది. కుళాయి ఒత్తిడికి నీళ్ళు మిద్దె మీదికి ఎక్కవు. కింద చిన్న సంపు, అర హార్స్‌పవర్ మోటారు పెట్టుకోవాలి. కుళాయి పైపుకే నేరుగా మోటారు బిగిస్తే వీధి చివరి ఇళ్ళకి చుక్క రాదు. అది తప్పు, ఊళ్ళో మొదటి గొడవ కూడా అక్కడే మొదలవుతుంది.

ట్యాంకు నెలకోసారి కడగాలి. కడిగి నింపాక వెయ్యి లీటర్ల నీళ్ళకి రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు, అంటే సుమారు అర టీస్పూను చాలు. దాన్ని బకెట్టు నీళ్ళలో కలిపి పది నిమిషాలు తేరనిచ్చి, పైన తేరిన నీళ్ళే ట్యాంకులో పోయాలి, అడుగున మిగిలిన సున్నం పోయకూడదు. గంట ఆగి వాడుకోవచ్చు. మూత సరిగా లేని డబ్బాలో ఉంచిన పౌడరు కొన్నాళ్ళకే ఘాటు పోగొట్టుకుంటుంది. వాసన రాకపోతే అది పనిచేయదు.

తాగే నీళ్ళ సంగతి వేరు. ఈ మెట్టలో చాలా బోర్లలో ఫ్లోరైడు ఉంది. కనిగిరి ప్రాంతం దీనితో ఎన్నో ఏళ్ళుగా బాధపడుతోంది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. రుచి, రంగు, వాసన చూసి ఇది తెలియదు. కాచితే పోదు, పైగా నీళ్ళు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ట్యాంకులో వేసే బ్లీచింగుకీ దీనికీ సంబంధం లేదు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం, పళ్ళ మీద గోధుమ మచ్చలు పడేది ఆ వయసులోనే. బోరు నీళ్ళు వాడే ఇల్లయితే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. బోరు పది నిమిషాలు వదిలి, శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాని అదే నీళ్ళతో మూడుసార్లు తొలిచి, నిండా పట్టి మూత బిగించి తీసుకెళ్ళాలి.

నీళ్ళ కాఠిన్యం మాత్రం వంటింట్లోనే తెలిసిపోతుంది. కందిపప్పు కుక్కర్లో ఆరు కూతలు వేసినా పలుకు పలుకుగా మిగిలిందా, సబ్బు నురగ రాకుండా చేతికి జిడ్డుగా పట్టిందా, నీళ్ళలో కాల్షియం ఎక్కువని అర్థం. తప్పు పప్పుది కాదు. పప్పు నానబెట్టేదీ ఉడికించేదీ క్యాను నీళ్ళతో చేస్తే సరిపోతుంది. తాగడానికీ వంటకీ కలిపి నలుగురికి రోజుకి 20 లీటర్ల క్యాను ఒకటి పడుతుంది. కరెంటు లేని రోజు నీళ్ళ ప్లాంటు కూడా నడవదు కాబట్టి ఎప్పుడూ నిండు క్యాను ఒకటి అదనంగా ఉంచుకోండి.

కరెంటు

ఏప్రిల్, మేలో గాలివాన వస్తే కొమ్మలు తీగల మీద పడతాయి. లైన్‌మ్యాన్ ఒక్కడే ఉంటాడు, ఊళ్ళు మాత్రం నాలుగైదు చూసుకోవాలి. 1912కి ఫిర్యాదు చెప్పండి. తీగ ఎక్కడ తెగిందో చూసి లైన్‌మ్యాన్‌కి ఫోనులో స్తంభం గుర్తు చెబితే మాత్రం పని త్వరగా అవుతుంది. ఉరుములు మొదలవకముందే ఫ్రిజ్జు, టీవీ, రౌటరు ప్లగ్గులు పీకేయాలి. స్విచ్ ఆపితే సరిపోదు.

ఇన్వర్టరుకి 150 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీ తీసుకోండి. లెక్కకి 1800 వాట్-అవర్లు, కానీ ఇన్వర్టరు తినేదీ బ్యాటరీలో మిగల్చాల్సిందీ పోను చేతికొచ్చేది 1200 అనుకోండి. 75 వాట్ల మామూలు ఫ్యాన్లు రెండు, తొమ్మిది వాట్ల బల్బులు నాలుగు, రౌటరు కలిపితే సుమారు 200 వాట్లు. అంటే ఆరు గంటలు. అవే ఫ్యాన్లు 35 వాట్ల బీఎల్‌డీసీవి అయితే పది గంటలు వస్తుంది, తెల్లవార్లూ గడిచిపోతుంది. ఇన్వర్టరు పెద్దది కొనడం కన్నా ఫ్యాన్లు మార్చడమే నయం. బ్యాటరీలో రెండు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసి పోయాలి. బోరు నీళ్ళో క్యాను నీళ్ళో పోస్తే ప్లేట్లు పాడైపోతాయి.

ఫ్యాను ఉన్నట్టుండి నెమ్మదించిందంటే చాలాసార్లు పోయేది కెపాసిటరే. 2.5 మైక్రోఫారడ్‌వి రెండు ఇంట్లో ఉంచుకోండి. వాటితో పాటు అర అంగుళం కుళాయి ఒకటి, టెఫ్లాన్ టేపు, వాషర్లు, ఫ్యూజు తీగ. ఎలక్ట్రీషియనూ ప్లంబరూ ఊరికి ఒకరే ఉంటారు, పైర్ల కాలంలో వాళ్ళు పొలాల్లో బోరు మోటార్ల దగ్గర ఉంటారు. రాకపోతే కోపం తెచ్చుకోకండి, పైరు ఎండిపోతున్న రైతు పని ముందు.

పాములు

కట్లపాము, నాగుపాము, రక్తపింజరి, చిన్నపింజరి. మన దగ్గర ప్రాణం మీదికి తెచ్చేవి ముఖ్యంగా ఈ నాలుగే. ఆసుపత్రుల్లో ఇచ్చే మందు నాలుగింటికీ పనిచేస్తుంది, కాబట్టి కరిచింది ఏదో తెలియకపోయినా వైద్యం ఆగదు. పామును చంపి తీసుకెళ్ళే ప్రయత్నంలో ఇంకొకరు కాటు తింటారు. దూరం నుంచి ఫోటో దొరికితే తీయండి, లేకపోతే వదిలేయండి.

అన్నిటికన్నా మోసం చేసేది కట్లపాము. రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు, తిన్నది పడలేదనుకుంటారు. కనురెప్పలు వాలిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, మింగడం కష్టమైనా ఇంక ఆలోచించకుండా బయల్దేరాలి. అది ఊపిరి కండరాల దాకా పాకుతుంది. మంచం మీద, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరలో పడుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

కాటు పడితే చేయాల్సింది ఇది. మనిషిని కదలనివ్వకుండా పడుకోబెట్టండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసేయండి, వాపొస్తే రావు. చెయ్యో కాలో విరిగితే కట్టినట్టు చెక్క ఆసరాగా పెట్టి వదులుగా కట్టండి. తాడు బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పసరు పోయకూడదు. 108కి ఫోను చేయండి, అది రావడానికి ఎంతసేపు పడుతుందో అడగండి, ఆలస్యమైతే కారులో బయల్దేరి దారిలో ఎదురు కలవండి. మందు ఎక్కడుందో ఆసుపత్రికి ముందే ఫోను చేసి తెలుసుకుంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరిగే బాధ తప్పుతుంది. మొదట పది వయల్స్ దాకా ఇస్తారు, పిల్లలకీ పెద్దలకీ మోతాదు ఒకటే. రక్తం గాజు గొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డ కట్టిందో లేదో చూస్తారు. పింజరి విషానికి అది గడ్డకట్టదు. బాగానే ఉన్నాడని రాత్రికే ఇంటికి తెచ్చుకోకండి, కనీసం ఇరవై నాలుగు గంటలు అక్కడే ఉంచాలి.

మామూలు మందులు, డాక్టర్లు

బీపీ, షుగరు మందులు నెలకి సరిపడా ఎప్పుడూ మిగులు ఉంచండి. మీరు వాడే కంపెనీ ఇక్కడి మందుల షాపులో ఉండకపోవచ్చు, అందుకే మందు అసలు పేరు, మోతాదు చీటీ మీద రాసుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్ళు కరెంటు పోయిన రోజుల కోసం నీళ్ళు చల్లిన ఇసుకలో మట్టికుండ పెట్టుకోవాలి. నీళ్ళు చొరబడని డబ్బాలో సీసా పెట్టి దాన్ని కుండలో ఉంచాలి. జ్వరానికి ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే సూది, యాంటీబయాటిక్ రెండూ ఇస్తారు. ఊళ్ళో ఆయన చేసే మేలు లేదని కాదు, అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. కానీ జ్వరం మూడో రోజుకి వచ్చిందంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోండి. డాక్టరు ఉండే వేళలు ఏఎన్‌ఎమ్ అక్కనో ఆశా కార్యకర్తనో అడిగితే చెబుతారు.

బస్సు, సంత, మనుషులు

బస్టాండులో బోర్డు మీది వేళల్ని నమ్మకండి. కండక్టర్‌ని అడిగి రాసుకోండి, ముఖ్యంగా నైట్ హాల్ట్ బస్సు పొద్దున ఎన్నింటికి కదులుతుందో. బడిపిల్లల కోసం తిప్పే బస్సులు ఆదివారం, సెలవుల్లో ఉండవు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్టుకి డబ్బులు లేవు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. సంత రోజు సీటు మీద ఆశ పెట్టుకోవద్దు.

సంతకి పొద్దున పోతే సరుకు మంచిది, పొద్దువాలినాక పోతే ధర మంచిది. కొన్నది తినే వరస ముఖ్యం. మొదటి రెండు రోజులు ఆకుకూరలు, ఆ తర్వాత వంకాయ, బెండ, చివరికి దోసకాయ, గుమ్మడి, కంద. ఎండాకాలంలో సంత పలచబడుతుంది, అప్పటికి చిక్కుడు, వంకాయ వరుగులు ఎండబెట్టి ఉంచుకున్నవాళ్ళకి ఇబ్బంది ఉండదు. చిల్లర దగ్గర పెట్టుకోండి, జనం ఎక్కువైతే ఫోన్‌పే తిరుగుతూ ఉండిపోతుంది.

మీదే ఊరు, ఎంతమంది పిల్లలు, జీతం ఎంత అని మొదటి రోజే అడుగుతారు. మిమ్మల్ని ఏ వరసలో పిలవాలో తేల్చుకోవడానికి అడిగేది అది. జీతం చెప్పాల్సిన పనిలేదు, ఊరూ పేరూ చెప్పండి చాలు. పెళ్ళికి పిలిస్తే పోవచ్చు, చావుకి మాత్రం పిలుపు ఉండదు, వినగానే పోయి పది నిమిషాలు కూర్చుని రావాలి. పొద్దున పాలకేంద్రం దగ్గర నిలబడే పది నిమిషాలు ఊరి కబుర్లన్నీ ఇస్తాయి: కుళాయి ఎందుకు రాలేదో, ఏ బస్సు రద్దయిందో. సాయంత్రాలు బరువుగా అనిపించేవాళ్ళకి శాఖా గ్రంథాలయం మంచి చోటు, శుక్రవారం సెలవు.

నాలుగు రోజులు ఊరొదిలి పోతే ఒక తాళంచెవి పక్కింటివాళ్ళకి ఇవ్వండి. మిద్దె మీద వడియాలు, బట్టలు, పూలకుండీలు లోపల పెట్టి ట్యాంకు మూత తాడుతో కట్టండి, కోతులు ముందు దాన్నే లాగేస్తాయి. స్నానాలగది నీళ్ళుపోయే రంధ్రం జల్లెడతో మూయండి. తిరిగొచ్చాక కుళాయి రెండు నిమిషాలు వదిలేసి వాడండి, గడప దగ్గర వదిలిన చెప్పులూ బూట్లూ బోర్లించి దులపకుండా కాలు పెట్టకండి. తేళ్ళు వాటిలోనే దూరతాయి.