పాత స్క్రోల్ సా కొన్నారా? ప్లగ్గు అప్పుడే పెట్టకండి

పోయిన వారం గాజువాకలో మా మిత్రుడొకాయన పాత ఇనుప సామాన్ల కొట్లో స్క్రోల్ సా (సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కలో వంపులు కోసే రంపం మెషీను) కొన్నాడు. అమెరికా డెల్టా కంపెనీది, 24 అంగుళాలది. (24 అంటే బ్లేడు పొడవు కాదు, బ్లేడు నుంచి వెనక ఫ్రేము దాకా ఉన్న దూరం.) ఆటోలోంచి దించి, వాన తడి కూడా తుడవకుండా "ఏటవుద్ది, ఓపాలి ఏసి సూద్దాం" అని ప్లగ్గు పెట్టేశాడు. మోటారు గుర్రుమంది, పొగ లేచింది. ఆపుదామని బల్ల మీద చెయ్యి వేస్తే షాక్ కొట్టి గోడ మీద పడ్డాడు. ప్రాణం దక్కింది, మోటారు పోయింది.

కళ్లద్దాలు, మాస్కు మీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఆ "ఓపాలి ఏసి సూద్దాం" గురించే. నేను చూసిన పాత మెషీన్లలో పాడైనవి చాలామటుకు ఇంటికొచ్చిన మొదటి గంటలోనే పాడయ్యాయి.

మోటారు

అమెరికా మోటారుకి 115 వోల్టులు, 60 హెర్ట్జ్ (కరెంటు ఫ్రీక్వెన్సీ) కావాలి. మన దగ్గర వచ్చేది 230, 50. ముందు మోటారు మీద ఈ అంకెలు రాసి ఉండే నేమ్‌ప్లేటు తుడిచి చదవండి. 115/230 అని రెండూ ఉంటే లోపల వైర్లు మార్చి కలపాలి, ఊరికే పెడితే కుదరదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనేసి నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. దాంతో వోల్టులు తగ్గుతాయి గానీ హెర్ట్జ్ మారదు. 115 వోల్టులే ఇచ్చినా 50 హెర్ట్జ్ మీద ఆ మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, నిమిషానికి 1725 చుట్లు తిరగాల్సింది 1425 దగ్గరే ఆగుతుంది. నా మాట వింటే అసలు మోటారు దాచిపెట్టి, ఇక్కడ దొరికే 1440 ఆర్‌పీఎం మోటారు బిగించండి. అన్నీ ఒరిజినలే ఉండాలనేవాళ్లు నన్ను తిట్టుకోవచ్చు.

వాన, ఉప్పుగాలి

మన ఊరి గాలిలో ఉప్పుంది. అది వైండింగు (మోటారు లోపలి తీగ చుట్ల) మీద పేరుకుని తేమను పట్టుకుంటుంది, ఇన్సులేషన్ దెబ్బతిని కరెంటు బాడీకి వస్తుంది. 2014లో హుద్‌హుద్ తుఫానుకి తడిసి మూలన పడ్డ మోటార్లు తర్వాత పైకి రంగేసి అమ్మకానికి రావడం చూశాను. వైండింగ్ షాపుకి తీసుకెళ్లి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటరు) పెట్టించండి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే ఆరబెట్టి మళ్లీ చూడమనండి. అది తేలేదాకా ప్లగ్గు జోలికి పోవద్దు.

ఇక మిగతావి.

మోటారుకి కెపాసిటర్ (చార్జ్ నిల్వ ఉంచే భాగం) ఉంటే డిస్చార్జ్ చేయకుండా ముట్టుకోవద్దు, ప్లగ్గు పీకేసినా అందులో చార్జ్ ఉండొచ్చు.

ఎర్త్ లేని రెండు పిన్నుల పాత వైరు కత్తిరించి పారేయండి.

30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేని లైన్లో నడపొద్దు.

బెల్టు తీసి పుల్లీని చేత్తో తిప్పండి. పట్టేసినట్టుంటే సుత్తితో కొట్టొద్దు. కింద క్రాంకు పెట్టెలో పాత నూనె జిగురులా గట్టిపడి ఉంటుంది, అది కడిగి కొత్త నూనె పోస్తే చాలాసార్లు దానంతటదే వదులుతుంది.

పాత పెయింట్‌లో సీసం ఉందనే అనుకోండి. పొడిగా ఎమరీ పేపరు రుద్దొద్దు, తడిపి గీకండి. పిల్లలు తిరిగే చోట అసలే వద్దు.

సీరియల్ నంబరు మీద రంగు వేయొద్దు. పాత కేటలాగుల్లో విడిభాగాలు వెతకడానికి అదే ఆధారం.

తుప్పు వదిలించిన బల్లకి అదే రోజు వ్యాక్స్ పూయండి, లేకపోతే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది.

బ్లేడు పళ్లు కిందికి ఉండేలా బిగించండి.

బ్లేడు తెగితే ముందు స్విచ్ ఆపండి, కింది ముక్క ఇంకా పైకీ కిందికీ పొడుస్తూనే ఉంటుంది. చెయ్యి పెట్టొద్దు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు బ్లేడు ఉండకూడదు. మెయిన్ దగ్గర ఇంకొకరు నిలబడాలి. నేమ్‌ప్లేటు చదివారా, మెగ్గర్ పెట్టించారా, ఎర్త్ ఉందా? లేకపోతే ప్లగ్గు పెట్టొద్దు. ఒక్కసారికి కూడా వద్దు.

ఆ డెల్టా ఇప్పుడు మా షెడ్డులో ఉంది. నిన్న మోటారు విప్పి బురద తుడిచాం. దాని కింద 115 అని స్పష్టంగా ఉంది.